14వ నెల: అడుగు వేయడం వచ్చింది, చెప్పడం నేర్చుకుంటున్నా

పోయిన మంగళవారం క్లాగింగ్ డాన్స్ క్లాసులో మా టీచర్ గారు మైకు నా చేతిలో పెట్టి, ఈ 15 నిమిషాలూ క్యూలు, అంటే ఏ అడుగు వేయాలో, నువ్వు చెప్పు అన్నారు. నిద్రలో లేపి అడిగినా వేసే అడుగులే అవి. కానీ మైకు పట్టుకున్నాక కాళ్లు ఏ అడుగు వేస్తున్నాయో నోరు కూడా అదే చెప్పింది. ఎదురుగా ఉన్న 11 మందికీ మాట చెవిన పడేసరికి అడుగు అయిపోయింది. చెప్పాల్సింది ఇప్పుడు వేస్తున్నది కాదు, తర్వాత రాబోయేది, అదీ పాటలో రెండు దెబ్బల (బీట్ల) ముందు. స్టాపు దాటాక కండక్టర్ ఊరి పేరు అరిస్తే ఎవరు దిగుతారు?

కొత్తగా చదివేవాళ్ల కోసం: నేనుండేది నార్త్ కరోలినాలో, కేరీలో. క్లాగింగ్ ఇక్కడి అపలాచియన్ కొండల డాన్స్, బూట్ల కింద రేకులు బిగించుకుని ఫిడేలు, బాంజో పాటకి పాదాలతోనే తాళం వేస్తారు. ఐర్లండ్, స్కాట్లండ్, ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల అడుగులు, ఆఫ్రికన్ అమెరికన్లు ఒంటరిగా పాదాలతో ఆడే బక్ డాన్స్, ఇక్కడి మూలవాసులైన చెరోకీల ఆట ఈ కొండల్లో కలిసిపోయి ఇలా తయారైంది. 1928లో బాస్కమ్ లమార్ లన్స్‌ఫర్డ్ ఆష్‌విల్‌లో మొదలుపెట్టిన జానపద ఉత్సవం ఇప్పటికీ నడుస్తోంది. 1939లో సోకో గ్యాప్ జట్టు వైట్ హౌస్‌లో బ్రిటన్ రాజు, రాణి ముందు ఆడింది. 2005 నుంచి ఇది రాష్ట్ర జానపద నృత్యం.

చిన్నప్పుడు విజయవాడలో ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను కదా, సులువుగా వచ్చేస్తుందనుకున్నాను. సగమే నిజం. ఇక్కడ మొట్టమొదట నేర్పేది డబుల్ స్టెప్: పాదం కొసతో నేలను ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి రాసి, ఆ తర్వాత దాని మీద బరువు దించాలి. మూడు శబ్దాలు, నా చెవికి అది తకిట. మూడు నెలలు అక్కడే పోయాయి, ఎందుకంటే నాకు అలవాటైన తకిటలో బలం 'త' మీద పడుతుంది, ఇక్కడ పాట దెబ్బ పడాల్సింది చివరి 'ట' మీద. 'తకి' రెండూ దెబ్బకి ముందే వచ్చేయాలి. ఇలాంటివి మూడు వేసి చివర రాక్ స్టెప్ (ఒక కాలు వెనక్కి వేసి మళ్లీ ముందు కాలి మీదకి బరువు తేవడం) కలిపితే ట్రిపుల్, మొత్తం 4 దెబ్బలు. మోకాళ్ల సంగతి ఇంకోటి. కూచిపూడిలో సగం కూర్చున్నట్టు నిలబడే అరమండిలో పక్కలకి తెరుచుకునే మోకాళ్లు ఇక్కడ ముందుకే చూడాలి, వదులుగా ఉండాలి, ప్రతి దెబ్బకీ మడమ నేలకి దిగాలి. మెట్రోనోమ్ మీద నిమిషానికి 84 దెబ్బలతో మొదలుపెట్టాను, ఇప్పుడు 116 దగ్గర శుభ్రంగా వస్తోంది, 126కి వెళ్తే ఎడమ కాలు 'కి'ని మింగేస్తోంది.

సామాను విషయం. గ్యారేజీలో కాంక్రీటు మీద మాత్రం ప్రాక్టీస్ చేయకండి. ఐదో నెలలో అలా చేసి మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి పట్టుకుంటే రెండు వారాలు ఆపేయాల్సి వచ్చింది. ఇప్పుడు నాలుగడుగుల చదరపు ప్లైవుడ్ వేసుకున్నాను, ముప్పావు అంగుళం మందం, కింద పిల్లల గదుల్లో పరిచే ఫోమ్ మ్యాట్లు. రేకులు జింగిల్ ట్యాప్స్: ఒకటి సోలుకి అంటుకుని ఉంటుంది, దాని కింద ఇంకో రేకు వదులుగా ఉండి మోగుతుంది. జిగురు పెట్టాక 24 గంటలు ముట్టుకోకూడదు. నేను రాత్రి అంటించి పొద్దున్నే వేసుకుంటే కుడి మడమ రేకు ఊడొచ్చింది. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఏంటే ఆ చప్పుడు? గజ్జెలు కాలికి కట్టుకుంటారు గానీ చెప్పు కింద కడతారా ఎక్కడైనా?" అంది. ఆ మాట టీచర్ గారికి చెప్తే, నీ గజ్జెలు ఒకసారి పట్టుకురా, ఎలా మోగుతాయో వినాలి అన్నారు.

ఈ పని మీద ఎలా బతుకుతారని ఈ మధ్య ఆవిణ్ణి బాగా అడుగుతున్నాను. మా క్లాసు లెక్కే చూడండి. ఒక్కొక్కరం 8 డాలర్లు ఇస్తాం, 12 మంది వస్తే 96, అందులో హాలు అద్దె 45. మిగిలిన 51లోనే ఇన్సూరెన్స్, రానుపోను 40 మైళ్ల పెట్రోలు. ఒక కొత్త పాటకి అడుగులు కూర్చి క్యూ షీట్ రాయాలంటే నాలుగు సాయంత్రాలు పడుతుంది, దానికి ఎవరూ డబ్బివ్వరు. ఆవిడ 31 ఏళ్లు పగలు బడిలో లెక్కలు చెప్పి సాయంత్రాలు ఇది నేర్పారు. పూర్తిగా దీని మీదే బతికేవాళ్లూ ఉన్నారు, కాకపోతే వాళ్లు నాలుగైదు పనులు కలిపి చేస్తారు: ఊరూరా వారాంతపు వర్క్‌షాపులు, పోటీలకి జడ్జిగా వెళ్లడం, స్కూళ్లలో పిల్లలకి కొన్ని రోజులపాటు నేర్పడం, ప్రదర్శనలు, 1925 నుంచి బ్రాస్‌టౌన్‌లో ఉన్న జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్ లాంటి చోట్ల వారం రోజుల క్లాసులు. సొంత జట్టు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు: 1971లో గ్రీన్‌విల్‌లో కాలేజీ పిల్లలు పెట్టుకున్న గ్రీన్ గ్రాస్ క్లాగర్స్ జట్టులో ఆడిన ఐలీన్ కార్సన్, 1979లో మేరీలాండ్‌లో ఫిడిల్ పపెట్స్ అనే జట్టు మొదలుపెట్టారు, అదే తర్వాత ఫుట్‌వర్క్స్ అయింది. సి.ఎల్.ఓ.జి. అనే జాతీయ సంస్థ ఇన్‌స్ట్రక్టర్లకి సర్టిఫికెట్ ఇస్తుంది, నాకు ఎప్పటికైనా అది తెచ్చుకోవాలని ఉంది. ఈ 14 నెలల్లో నేను చూసినంతలో బాగా ఆడేవాళ్లకి కొదవలేదు. ఎనిమిదోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే అడుగుని విడదీసి చూపించేవాళ్లు తక్కువ, వర్క్‌షాపులకి పిలుపులు వచ్చేది వాళ్లకే.

అందుకని ఈ వారం నా ప్రాక్టీస్ అంతా నోటికే. కూరగాయలు తరిగేటప్పుడు కాళ్లు కదపకుండా పాట పెట్టుకుని క్యూలు చెప్పి ఫోన్లో రికార్డు చేస్తున్నాను. తర్వాత ప్లైవుడ్ ఎక్కి, పాటలో ఏ అడుగుందో మర్చిపోయినట్టు, నా గొంతు ఏం చెప్తే అదే వేస్తున్నాను. క్యూ ఆలస్యమైతే అక్కడ నా కాలే ఆగిపోతుంది, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. మొదటి రోజు 32 క్యూల్లో 13 ఆలస్యం, నిన్న 5.

వచ్చే మంగళవారం మళ్లీ 15 నిమిషాలు ఇచ్చారు. 108 స్పీడున్న బాంజో పాట తీసుకున్నాను, ట్రిపుల్, బేసిక్ (ఒక డబుల్ స్టెప్, ఒక రాక్ స్టెప్), ఒకే ఒక్క టర్న్. గజ్జెలు కూడా సంచిలో పెట్టుకున్నాను.