"ఎవరికైనా దెబ్బ తగిలిందా సార్?"

వారానికి మూడు రోజులు హనుమకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం మెడికల్ షాపులకు వ్యాన్‌లో మందులు వేసొస్తాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. 163 నంబర్ జాతీయ రహదారి మీద ఏ గుంత ఎక్కడుందో, ఏ ఊరి దగ్గర బర్లు రోడ్డెక్కుతాయో నాకు కంఠతా వచ్చు. అయినా ఉగాదికి వారం ముందు, గుడెప్పాడ్ దాటి ఓగ్లాపూర్ వైపు వస్తుంటే గుండె ఆగినంత పనైంది.

రాత్రి తొమ్మిదిన్నర. ఎదురుగా వచ్చిన లారీ హైబీమ్‌కు కళ్లు చెదిరాయి. అది దాటగానే నా లైట్ల వెలుగులో రాళ్లు! బ్రేక్ తొక్కితే వెనకున్న డబ్బాలన్నీ ముందుకు జారి సీటుకు కొట్టుకున్నాయి. దిగి చూశాను. ఏడు రాళ్లు, ఒక్కోటి కొబ్బరిబోండమంత ఉంది. మధ్యలో వాడిపోయిన వేపకొమ్మ. పక్కన తారులోకి దిగిన జాకీ గుర్తు, ఇంకా ఆరని ఆయిల్ మరక. ఇసుక లారీ ఏదో ఆగిపోతే డ్రైవర్ వెనక రాళ్లు పెట్టుకున్నాడు. రిపేరయ్యాక లారీ పోయింది, రాళ్లు మిగిలాయి. చివరి రాయి మీద టైరు రాసుకుపోయిన నల్లటి చార. నాకంటే ముందే ఎవరో చావు తప్పించుకున్నారు.

ఫోన్ చేశాను. ఏ నంబర్‌కన్నది రాయను, ఒకరి మీద వేలు చూపడం నా ఉద్దేశం కాదు. రెండో రింగ్‌కే ఎత్తారు.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా సార్?"

"ఇంకా లేదమ్మా. ఇట్లనే ఉంటే తగుల్తది."

"ఏ మండలం సార్? ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుంది?"

అక్కడే నా నోరు పడిపోయింది. ఆ చెట్లు తెలుసు, ఆ మలుపు తెలుసు. కానీ 2016లో దామెర కొత్త మండలమైంది. నేను నిలబడ్డ జాగా దామెరలోదా, ఆత్మకూరులోదా? ఆ టెన్షన్‌లో ఆత్మకూరు అనేశాను.

ఫోన్ పెట్టేసి పార్కింగ్ లైట్లు వేశాను. బైక్ మీద భార్యతో వస్తున్న ఒక పిల్లగాడు ఆగాడు. "ఏమైందన్నా?" "రాళ్లు తమ్మీ, జర చెయ్యి పట్టు." ఆ అమ్మాయి సెల్ టార్చ్ ఊపుతూ బండ్లను పక్కకు పంపింది. మేమిద్దరం ఒక్కో రాయినీ దొర్లించి మట్టిలోకి దించాం. పేర్లు కూడా అడుక్కోలేదు.

పదకొండు దాటాక ఇంటికి ఫోన్ వచ్చింది. "సార్, ఆత్మకూరు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నం, రాళ్లు కనిపిస్తలేవు." తీసేశామని చెప్తే "మంచి పని చేసిన్రు" అన్నాడాయన. ఆ గొంతులో అలసట నిజం. వాళ్లు రాలేదని నేను అనను, వచ్చారు. గంటన్నర తర్వాత, నేను చెప్పిన తప్పు చోటికి వచ్చారు.

మా దగ్గర 108ని ఎవరూ అంబులెన్స్ అనరు, "108 వచ్చింది" అంటారు. 2005లో మొదలైనప్పటి నుంచి జనంలో ఆ నమ్మకం కుదిరింది. రక్తం కనిపిస్తే వ్యవస్థ పరుగెత్తుతుంది. రాయి కనిపిస్తే ముందు దెబ్బ గురించి అడుగుతుంది. నాకు బాధ అక్కడే. రాయి గురించి వచ్చే ఫోన్, 108కి ఫోన్ చేసే అవసరం రాకముందు వచ్చే ఫోన్. ఎవరికీ దెబ్బ తగల్లేదంటే తొందర లేదని కాదు, ఇంకా టైముందని. ఆ టైము ఎంతసేపుంటుందో ఎదురుగా వచ్చే బైకు మీద ఆధారపడి ఉంటుంది.

మండలం సంగతి మాత్రం మన చేతిలో ఉంది. జాతీయ రహదారి కిలోమీటరు రాయికి పైన పసుపు రంగు ఉంటుంది, రాష్ట్ర రహదారిదైతే ఆకుపచ్చ. రాయి మీద నంబర్ ఉంటుంది. అది చెప్తే మండలంతో పనిలేదు. జాతీయ రహదారి అయితే 1033, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. మిగతా రోడ్లకు 112. నేనైతే ఏ ఊరి దగ్గర ఏ నంబర్ రాయి ఉందో చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను.

ఇప్పుడు యాసంగి వడ్లు రోడ్డెక్కాయి. ఆరబెట్టడానికి రైతుకు వేరే జాగా లేదు, నాకు తెలుసు. కానీ రాత్రిపూట నల్లరోడ్డు మీద నల్ల టార్పాలిన్ కప్పిన కుప్ప, చుట్టూ రాళ్లు! మొన్న మల్లంపల్లి దగ్గర అలాంటిదే కనిపిస్తే 1033కి చేసి రాయి నంబర్ చెప్పాను. గుడెప్పాడ్ చేరేలోపే ఫోన్ మోగింది.

"సార్, కుప్ప దగ్గర్నే ఉన్నం. రైతును లేపినం, జరుపుతున్నం."