సోమశిల నీళ్ల మధ్య మొరాయించిన ఇంజన్

కొల్లాపూర్‌లో ఇడ్లీ తిని సోమశిల చేరేసరికి తొమ్మిదిన్నర. కార్తీకమాసం, పైగా ఆదివారం. రేవు దగ్గర కారు పెట్టడానికి చోటే లేదు. లలితా సోమేశ్వరుడి దర్శనం చేసుకుని, అత్తమ్మ దీపాలు వదిలాక బోటు మాట్లాడుకున్నాం. నేను, మా ఆవిడ, అత్తమ్మ, బావమరిది, ఇద్దరు పిల్లలు.

శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు నిండు మట్టం 885 అడుగుల దాకా (సముద్రమట్టం నుంచి లెక్క) నిలబడితే ఇక్కడి కృష్ణకి అవతలి ఒడ్డు ఓ సన్నటి గీతలా కనిపిస్తుంది. మునిగిపోయిన ఊళ్ల గుళ్లు కొన్నింటిని రాయి రాయి విప్పి తెచ్చి సోమశిలలో మళ్లీ కట్టారు. గుళ్లయితే వచ్చాయి గానీ మనుషులు చెల్లాచెదురయ్యారు. మా బోటాయన కుటుంబమూ అలా లేచొచ్చిందే. "98 జీవో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి మా నాయన చెప్పులరిగినయి సార్. ఉద్యోగం రాలే, నాకు ఈ బోటు మిగిలింది" అన్నాడు నవ్వుతూనే. ముంపు కుటుంబాలకి ఉద్యోగాలిస్తామన్న సర్కారు ఉత్తర్వే ఆ 98 జీవో.

అమరగిరి వైపు పోయి రావాలని మాట. ఓ గంట హాయిగా సాగింది. సంగమేశ్వరం ఎటు అని అడిగితే అవతలి దిక్కుకి చెయ్యి చూపించాడు. ఎండాకాలం నీళ్లు దిగితే గుడి బయటపడుతుంది, వరదొస్తే వేపలింగంతో సహా మునుగుతుంది. ఇప్పుడక్కడ ఎండకి మెరిసే నీళ్లు తప్ప ఏమీ లేవు. అయినా అత్తమ్మ అటే తిరిగి దండం పెట్టింది.

తిరుగు దారిలో మొదలైంది గొడవ. అప్పటిదాకా టకటకమని ఒకే తాళంలో కొట్టిన ఇంజన్ ఒక్కసారి గొంతు పెంచింది, అంతలోనే దించింది. మళ్లీ పెంచింది. మధ్యలో ఒక దెబ్బ తప్పినప్పుడల్లా పొగ గొట్టంలోంచి తెల్లగా ఓ ఉఫ్ వచ్చేది. బోటాయన మొహంలో ఏ మార్పూ లేదు. "గట్లనే చేస్తది సార్, పొద్దుగాల మంచిగనే ఉంటది. పగటికల్లా సతాయిస్తది" అన్నాడు. ఆ మాట అప్పుడే పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు.

మా నాన్న ముప్పై ఏళ్లు ఆయిలింజన్లు బాగుచేశాడు. సెలవుల్లో ఆయన వెనక పానాల సంచి మోసింది నేనే. కాబట్టి బావమరిది ముందు కాస్త గొప్పకు పోయి, "ఫ్యానుకి వల చుట్టుకుని ఉంటుంది" అని తేల్చేశాను. ఫ్యానంటే బోటుని తోసే, నీళ్లలో తిరిగే రెక్కలు. తీరం నుంచి వలస వచ్చిన జాలర్లు ఈ నీళ్లలో వలలు వేస్తారు, ఆ అనుమానం తప్పేం కాదు. కానీ వల పడితే ఇంజన్ మీద బరువు పడి నల్లపొగ రావాలి. బోటాయన గేరు తీసేసి చూపించాడు. బరువు లేకపోయినా ఇంజన్ అలాగే ఎగిసిపడుతోంది. గేరు తీస్తే ఫ్యాను తిరగదు కాబట్టి తప్పు దానిది కాదు. బావమరిది దగ్గాడు.

రెండోది డీజిల్‌లో నీళ్లు. దీన్ని తెలుసుకోవడం తేలిక. తాగేసిన నీళ్ల బాటిల్‌ని బాగా దులిపి ఆరబెట్టి, డబ్బా అడుగు నుంచి కాస్త డీజిల్ పట్టి ఎండకి ఎత్తి పట్టుకున్నాను. నీళ్లుంటే బరువు కాబట్టి అడుగున విడిగా ఓ పొరలా నిలుస్తాయి. ఇది అడుగు దాకా లేత పసుపు, గీతే లేదు. ఇంజన్ ఈలోగా ఇంకో నాలుగు సార్లు గుక్కపట్టి పూర్తిగా ఆగిపోయింది.

ఇంజన్ ఆగాక నీళ్ల మీద ఎంత నిశ్శబ్దమో! గాలి బోటుని మెల్లగా పక్కకి తిప్పుతోంది. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ ఉక్క అని ఒళ్లో పెట్టుకున్న అత్తమ్మ ఎవరూ చెప్పకుండానే వేసుకుని రెండు బకిళ్లూ బిగించుకుంది. నాకూ టెన్షన్ మొదలైంది. పిల్లలకి మాత్రం పండగలా ఉంది.

ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి, డబ్బాలోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుని చేత్తో కొట్టమన్నాను. డీజిల్‌కి బదులు సబ్బు నురగ లాంటి బుడగలు! ఎయిర్ పట్టింది, అంటే డీజిల్ దారిలో గాలి చేరింది. బుడగలు పోయి డీజిల్ సన్నటి ధారగా వచ్చేదాకా కొట్టి, బోల్టు బిగించి, స్టార్ట్ చేస్తే అందుకుంది. పది నిమిషాలు. మళ్లీ అదే ఊగు. అంటే ఎక్కడో గాలి దూరుతూనే ఉంది. పైపు అంతా తడిమాను. ఎక్కడా తడి లేదు, కారడం లేదు.

అప్పుడు నా కన్ను డబ్బా మీద పడింది. మా నాన్న పని చేసిన ఆయిలింజన్లకి ట్యాంకు పైన ఉంటుంది. పైపు చిట్లితే డీజిల్ చుక్కలు చుక్కలుగా కారి తనే చోటు చెప్తుంది. ఇక్కడ అసలు ట్యాంకు తుప్పు పట్టిందని తీసేసి, 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాని కాళ్ల దగ్గర, ఇంజన్ కంటే కిందకి పెట్టాడు. పంపు డీజిల్‌ని పైకి పీల్చుకోవాలి. పీల్చే పైపులో చీలిక ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. పొద్దున డబ్బా నిండుగా ఉన్నప్పుడు పీల్పు తక్కువ. డీజిల్ దిగే కొద్దీ లోతు నుంచి లాగాలి, గాలీ ఎక్కువ దూరుతుంది. పొద్దుగాల మంచిగ ఉండి పగటికల్లా సతాయించేది అందుకే.

"అన్నా, డబ్బా ఎత్తి పైన పెట్టు" అన్నాను. అతను వింతగా చూసి, బోటు పైకప్పు పక్క బల్ల మీద, ఇంజన్ కంటే మూరెడు ఎత్తున పెట్టి పట్టుకున్నాడు. పైపులో డీజిల్ దిగింది. ఓ నిమిషం అందరం ఆ నల్ల పైపునే చూశాం. పంపు దగ్గర, సరిగ్గా క్లిప్పు అంచున, ఓ చుక్క పుట్టింది. ఆగింది. ఉబ్బింది. రాలింది.

ఎండకి బిరుసెక్కిన రబ్బరు క్లిప్పు కింద వెంట్రుకంత చీలింది, అంతే. చివర ఒక అంగుళం కోసేసి, మిగతా మెత్తటి భాగాన్ని ఎక్కించి బిగించాం. ఎయిర్ మళ్లీ తీశాం. డబ్బా మాత్రం పైనే ఉంచమన్నాను. అటు నుంచి సోమశిల రేవు దాకా ఇంజన్ ఒక్క దెబ్బ తప్పలేదు. బావమరిది డబ్బాని పట్టుకుని నిలబడాల్సొచ్చింది, ఫ్యాను విషయంలో దగ్గినందుకు.

రేవులో ఇంకో గుంపు ఎక్కడానికి సిద్ధంగా ఉంది. బోటాయన వాళ్లని ఆగమని, ఓ చెక్క పలకని తాడుతో కట్టి డబ్బాకి గట్టి చోటు చేస్తున్నాడు.

"పైపు మొత్తం మార్చాలి అన్నా. అక్కడ చిట్లిందంటే మిగతాది కూడా ముసలైందే."

"కొల్లాపూర్ల దొరుకుతది సార్. రేపు పోయి మీటరు తెస్త."

"రెండు క్లిప్పులు కూడా తెచ్చుకో" అన్నాను.