జూలై 14: ఏ ఏటిదో చట్టం చెప్పని పండుగ

ఫ్రాన్స్ జాతీయ పండుగకు ఆధారమైన చట్టంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. జూలై 14ను ఏటేటా జరుపుకొనే జాతీయ పర్వదినంగా రిపబ్లిక్కు స్వీకరిస్తున్నదని 1880 జూలై 6న వెలువడిన ఆ చట్టం చెబుతుంది. అది ఏ సంవత్సరపు జూలై 14 అన్నది మాత్రం చెప్పదు. పారిస్‌లో రాజుల కారాగారంగా ఉన్న బాస్టీల్ కోట పతనానికి గుర్తుగా జరుపుతారని మనం చిన్నప్పటి నుంచి చదువుకున్నది నిజమే గానీ, అది సగం కథ మాత్రమే. సంవత్సరాన్ని రాయకుండా విడిచిపెట్టడంలో ఉన్న రాజకీయ వివేకమే ఈ పండుగ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది.

1789 వేసవిలో పారిస్‌లో రొట్టె ధర పేదలకు అందనంతగా పెరిగిపోయింది. నగరం చుట్టూ సైన్యం మోహరిస్తూ ఉండగా, ప్రజల నమ్మకాన్ని చూరగొన్న ఆర్థికమంత్రి నెకర్‌ను జూలై 11న రాజు పదహారవ లూయీ పదవి నుంచి తొలగించాడు. మరునాడు ఆ కబురు అందగానే కమీల్ దెమూలాన్ అనే యువ న్యాయవాది పాలే రోయల్ తోటలో జనాన్ని ఆయుధాలు పట్టమని ప్రేరేపించాడు. 14వ తేదీ ఉదయం జనం వృద్ధ సైనికుల ఆశ్రయమైన ఆన్వలీద్ భవనంపై పడి వేలాది తుపాకులు చేజిక్కించుకున్నారు. అయితే వాటిలోకి మందుగుండు లేదు. అది బాస్టీల్‌లో ఉంది. వాళ్ళు ప్రధానంగా ఆ కోటకు వెళ్ళింది మందుగుండు కోసమే తప్ప ఖైదీలను విడిపించడానికి కాదు. ఆనాడు లోపల ఉన్న ఖైదీలు ఏడుగురే: నలుగురు ఫోర్జరీ నేరస్థులు, ఇద్దరు మతిస్థిమితం లేనివారు, కుటుంబం కోరికపై నిర్బంధించిన ఒక కులీనుడు.

కోట రక్షణకు 82 మంది వయసు మళ్ళిన సైనికులు, 32 మంది స్విస్ సైనికులు ఉన్నారు. ఉదయమంతా మంతనాలు సాగాయి, మధ్యాహ్నానికి కాల్పులు మొదలయ్యాయి. రాజును వదిలి ప్రజల పక్షాన చేరిన సైనికులు ఫిరంగులు తెచ్చి కోట గుమ్మానికి గురిపెట్టాక, గవర్నర్ ద లోనే సాయంత్రం లొంగిపోయాడు. ముట్టడించినవారిలో వందకు కాస్త తక్కువగా ప్రాణాలు కోల్పోయారు. నగర పాలక భవనానికి తీసుకుపోతుండగా జనం ద లోనేను చంపి, తల నరికి బల్లేనికి గుచ్చి ఊరేగించారు. పండుగ గురించి రాసేవారు ఈ మాటను దాటవేయడం న్యాయం కాదు. ఎందుకంటే తొంభై ఏళ్ళ తరువాత చట్టసభలో వాదన జరిగింది సరిగ్గా ఈ రక్తం గురించే.

బాస్టీల్ కూలిన ఏడాదికి, 1790 జూలై 14న, రాజ్యమంతటినీ ఒక్కటి చేసే సమాఖ్య ఉత్సవం షాన్ ద మార్స్ మైదానంలో జరిగింది. లక్షల మంది కూర్చుని చూడగలిగేలా మైదానం చుట్టూ మట్టి గట్లు పోయాలి. కూలీలతో పని గడువులోగా తెమిలేలా కనిపించకపోయేసరికి, పారిస్ జనమే పారలు, తోపుడు బండ్లు పట్టుకుని కదిలి వచ్చింది. సన్యాసులు, దొరసానులు, దుకాణదారులు, సైనికులు పక్కపక్కనే నిలబడి మట్టి మోశారు. ఉత్సవం రోజున వాన కురిసినా ఎవరూ కదలలేదు. ఓతన్ బిషప్పు తాలేరాన్ ప్రార్థన జరిపాడు, సేనాని లఫాయెత్ పౌరులతో ఏర్పడిన జాతీయ దళాల తరఫున ప్రమాణం చేశాడు, ఆ తరువాత రాజు కూడా రాజ్యాంగానికి కట్టుబడి ఉంటానని ప్రమాణం చేశాడు. ఆ ఐక్యత నిలవలేదు. ఏడాది దాటిన మూడు రోజులకే, అదే మైదానంలో గుమిగూడిన జనంపై జాతీయ దళం కాల్పులు జరిపింది. 1793 జనవరిలో రాజు శిరస్సు గిలటిన్ కింద తెగిపడింది. అయినా, చేతులారా మట్టి ఎత్తిన ఆ జనాన్ని తలచుకుంటే నా మనసు నిండిపోతుంది.

ఇక 1880కి వస్తే, జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతిలో ఓటమి, 1871లో పారిస్‌లో తిరుగుబాటుతో ఏర్పడిన పాలన అయిన పారిస్ కమ్యూన్ అణచివేత మిగిల్చిన గాయాలు ఇంకా మానలేదు. చట్టసభలు రెండింటా రాచరికం వద్దనే రిపబ్లికన్లకు ఆధిక్యం వచ్చి అప్పటికి ఏడాదే అయింది. బెంజమాన్ రస్పాయ్ ప్రతిపాదించిన బిల్లుకు సంప్రదాయవాదులు అడ్డుపడి, నెత్తురు చిందిన రోజును పండుగ ఎలా చేస్తారని నిలదీశారు. చరిత్రకారుడైన సెనేటర్ ఆన్రీ మార్తాన్, 1789 మీకు ఇబ్బందైతే చుక్క నెత్తురు చిందని 1790ని తలచుకోండని సమాధానమిచ్చాడు. సంవత్సరం లేని తేదీ ఇరుపక్షాలకూ చోటిచ్చింది. కమ్యూన్ తిరుగుబాటుదారులకు క్షమాభిక్ష కూడా ఆ వారంలోనే వచ్చింది. తొలి పండుగనాడు లోన్‌షాన్ మైదానంలో అధ్యక్షుడు జూల్ గ్రేవీ సైనిక దళాలకు కొత్త జెండాలు అందించాడు.

నేటి వేడుకలో అందరి కళ్ళూ షాంజెలీజే వీధిలో సాగే కవాతు మీదే ఉంటాయి. విమానాలు మూడు రంగుల పొగ వదులుతూ తల మీదుగా సాగిపోతాయి. నడక దళాలలో చివర వచ్చే, విదేశీయులు కూడా చేరే ఫారిన్ లెజియన్ దళాన్ని తప్పక చూడాలి: మిగతావారు నిమిషానికి 120 అడుగులు వేస్తే వీరు 88 మాత్రమే వేస్తారు. ముందు వరుసలో గడ్డాలు పెంచిన సైనికులు తోలు ముందుకట్లతో, భుజాన గొడ్డళ్ళతో నడుస్తారు. 2009లోనూ 2023లోనూ భారత ప్రధానులు ముఖ్య అతిథులుగా హాజరు కాగా, మన సైనికులు కూడా ఆ వీధిలో కవాతు చేశారు. కవాతు కంటే నాకు ఇష్టమైనవి అగ్నిమాపక కేంద్రాల నృత్య వేడుకలు. 13, 14 రాత్రులలో కేంద్రం తలుపులు బార్లా తెరిచి, బళ్ళుండే ఆవరణలో ఇరుగుపొరుగు వారంతా పాటలకు చిందులేస్తారు. గుమ్మం దగ్గర పెట్టిన పీపాలో ఎవరికి తోచినంత విరాళం వారు వేసి లోపలికి వెళతారు.

ఈ పండుగ మన తెలుగు నేలకూ తెలిసినదే. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో జూలై 14 ప్రభుత్వ పండుగగా ఉండేది. స్వేచ్ఛకు పండుగ చేసుకునే రిపబ్లిక్కు అదే స్వేచ్ఛను గోదావరి తీరాన ఇవ్వడానికి అంత కాలం పట్టిందన్న బాధ నాకు ఉంది. పుదుచ్చేరిలో మాత్రం ఆ పండుగ నేటికీ సాగుతున్నది. ముందునాటి రాత్రి లాంతర్ల ఊరేగింపు ఉంటుంది, 14న సముద్రతీరంలోని యుద్ధ స్మారకం వద్ద ఫ్రెంచి సైన్యంలో పనిచేసి విరమించిన మన తమిళ సోదరులు పతకాలు ధరించి నిలబడగా పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. పారిస్ వెళ్ళే వీలు లేనివారు జూలై 13 సాయంత్రానికి పుదుచ్చేరి చేరుకుంటే, ఊరేగింపుతో మొదలుపెట్టి రెండు రోజుల వేడుకనూ చూడవచ్చు.