అందరూ ఒకే పేజీలో రాస్తుంటే

మూడో క్లాస్ పిల్లలతో గూగుల్ డాక్స్‌లో, అంటే అందరూ ఒకేసారి రాయగలిగే ఆన్‌లైన్ పేజీలో, కలిసి కథ రాయిస్తున్నా, టీచర్ దిద్దడానికి రాసేదానికీ తోటి పిల్లలు చదువుతారని తెలిసి రాసేదానికీ ఎంత తేడానో! నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసి పెన్ను పక్కన పెట్టేసే పిల్లాడు ఇక్కడ పక్కవాళ్ళ లైన్ చదివి "మరి ఆ కుక్క ఎటు పోయింది?" అని కామెంట్ పెడతాడు, జవాబు రాకపోతే తనే రాసేస్తాడు.

ఒకరిది ఒకరు చెరిపేసుకోవడం, ఏడుపులు, అవీ ఉంటాయి. అప్పుడే వెర్షన్ హిస్టరీ తెరిచి చూపించాలి, ఎవరు ఏం మార్చారో కనిపిస్తుంది, పోయింది వెనక్కి తెచ్చుకోవచ్చు కూడా. నాకైతే మార్కులకంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే ఒక పాప ఒకే వాక్యాన్ని ఎన్నిసార్లు దిద్దుకుందో ఫైనల్ కాపీ చూస్తే తెలీదు.

పిల్లల రాతలు బయటివాళ్ళు కూడా చదివేలా పెట్టే క్లాస్ బ్లాగ్‌కి మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. పూర్తి పేర్లు, ఫొటోలు వద్దు, కామెంట్లు టీచర్ చూసి ఓకే చేశాకే బయటికి రావాలి. చాలా సైట్లలో కనిపించే, 13 ఏళ్ళు నిండాలనే రూల్ అమెరికా 1998లో ఆన్‌లైన్‌లో పిల్లల వివరాల రక్షణకి తెచ్చిన కోప్పా (COPPA) చట్టం వల్ల వచ్చిందే, అంతకంటే చిన్నపిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. మనం ఎక్కడున్నా ఆ అనుమతి ముందే అడగడం మంచిది.

ఇంకోటి, ఇద్దరికి ఒక్క ట్యాబ్ చాలు, నిజానికి అదే మంచిది. ఒకరు చెప్తుంటే ఒకరు టైప్ చేస్తారు, కాసేపటికి మారతారు, ఆ మధ్యలో ఏ మాట పెట్టాలా అని వాళ్ళు చేసుకునే వాదన ఉంది చూడండి, నాకు కావాల్సిన భాషా పాఠం అదే!