తెరుయెల్: మనుషులు తక్కువ, మలుపులు ఎక్కువ

స్పెయిన్‌లో రోడ్డు సైకిల్ అనగానే అందరూ జిరోనా పేరో, మయోర్కా పేరో ఎత్తుతారు. తెరుయెల్ పోతున్నానంటే వాలెన్సియాలో మా ఆఫీసువాళ్లే నవ్వారు. "అక్కడేముందని?" అన్నారు. మ్యాపు తెరిచి చూస్తే నాకు మాత్రం నోరూరింది. సన్నసన్నని పచ్చ గీతల్లాంటి రోడ్లు, వాటి మీద ఎక్కడో ఒక ఊరు, మళ్లీ ఇరవై కిలోమీటర్ల దాకా ఏమీ లేదు.

తెరుయెల్ ప్రావిన్సు విస్తీర్ణం దాదాపు 14,800 చదరపు కిలోమీటర్లు. మా పాత నల్లగొండ జిల్లా కంటే కాస్త పెద్దది. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండలో 34 లక్షల పైచిలుకు జనం ఉంటే, ఇక్కడ అంతా కలిపి లక్షా ముప్పై వేల చిల్లర. అందులో నాలుగో వంతుకు పైగా తెరుయెల్ పట్నంలోనే ఉంటారు. మమ్మల్ని ఎవరూ పట్టించుకోవట్లేదు, మేమూ ఉన్నాం అంటూ ఇక్కడి జనం 1999లో 'తెరుయెల్ ఎక్సిస్తే' అనే ఉద్యమం మొదలుపెట్టారు. అది 2019 నవంబరు ఎన్నికల్లో పార్లమెంటు దిగువ సభలో ఒక సీటు కూడా గెలిచింది. సైకిల్ తొక్కేవాడికి స్వర్గంలా కనిపించే ఆ ఖాళీయే ఇక్కడివాళ్లకు బాధ అన్నమాట. ఈ సంగతి పోయినప్పుడు తెలిసినంతగా చదివినప్పుడు తెలియదు.

నాతో వచ్చింది మా చిన్నాయన కొడుకు. డబ్లిన్‌లో ఉంటాడు, వారమంతా వానలో తొక్కి తొక్కి ఎండ మొహం వాచిపోయి ఉన్నాడు. సెప్టెంబరు చివర అద్దెకు ఒక వ్యాను తీసుకుని, సైకిళ్లు వెనక పడేసి బయల్దేరాం. వాలెన్సియా నుంచి హైవే ఎక్కుతూ ఎక్కుతూ పోతుంది. సముద్రం ఒడ్డు నారింజ తోటలు అయిపోయి, గాలిమరల పీఠభూమి వచ్చేసరికి చెవులు దిబ్బడ వేస్తాయి. తెరుయెల్ పట్నమే 900 మీటర్ల పైన ఉంది. ఇటుకలతో కట్టి, మధ్యమధ్య ఆకుపచ్చ, తెలుపు పింగాణీ పలకలు పొదిగిన ముదేహార్ గోపురాలు అక్కడి గొప్ప. ముస్లిం పనితనం, క్రైస్తవ గుడి. 1986లో యునెస్కో జాబితాలో చేరాయి. సాయంత్రం వాటి కింద కూర్చుని మర్నాటి దారి గీసుకున్నాం.

దారి గీయడమంటే కిలోమీటర్లు, ఎత్తులు మాత్రమే కాదు ఇక్కడ. ఏ ఊళ్లో బారు తెరిచి ఉంటుంది, ఏ ఊళ్లో కుళాయి ఉంది, సోమవారం ఎవరు మూసేస్తారు అన్నవే అసలు లెక్కలు. మధ్యాహ్నం రెండు దాటితే అయిదు దాకా కొట్లన్నీ బంద్. అందుకని పొద్దున్నే గదిలో నిమ్మకాయ పులిహోర కలిపి, అల్యూమినియం ఫాయిల్‌లో చిన్న చిన్న పొట్లాలు కట్టి జెర్సీ వెనక జేబుల్లో పెట్టుకున్నాం. సైకిల్‌వాళ్లు బలానికి తినే ఆ జెల్ ప్యాకెట్లు ఎన్ని తిన్నా, అరవై కిలోమీటర్ల తర్వాత పళ్ల కింద పల్లీ పడితే వచ్చే బలం వేరు.

మొదట పట్టింది అల్బర్రాసిన్ దారి. పట్నం నుంచి 38 కిలోమీటర్లు, గువాదలవియార్ నది వెంటే. పొద్దున వేళ్లు కొంకర్లు పోయాయి. హేయా అనే ఊరి దగ్గర రోడ్డు పక్కనే రోమన్లు కొండను తొలిచి తీసిన నీటికాలువ కనిపిస్తుంది. దాదాపు 25 కిలోమీటర్లు, అల్బర్రాసిన్ దగ్గరి నది నీళ్లను కొండల మధ్య నుంచి సెయ్యా మైదానానికి మళ్లించారు. సైకిల్ గోడకు ఆనించి లోపలికి తొంగి చూస్తే, ఉలి దెబ్బల గాట్లు రాతి మీద ఇంకా ఉన్నాయి. అల్బర్రాసిన్ ఊరేమో ఎర్రటి జిప్సం పూతతో గులాబీ రంగులో, ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన ఇళ్లతో ఉంటుంది. కోటగోడ ఊరిని వదిలేసి ఒంటరిగా కొండెక్కిపోతుంది. ఫొటోల కోసం వచ్చిన బస్సులు చాలానే ఉన్నాయి. మేం కాఫీ తాగి వెళ్లిపోయాం.

ఎందుకంటే అసలు రుచి ఆ పైన ఉంది. రొయుయేలా, కలోమార్దె దాటి ఫ్రియాస్ వైపు పోయే రోడ్డు మీద మాకు ఎదురైన కార్లకంటే గొర్రెల మందలే ఎక్కువ. ఈ కొండల కాపరులు చలికాలం ముందు మందల్ని తోలుకుని దక్షిణాన అందలూసియా వైపు పోయేవాళ్లు, కొందరు ఇప్పటికీ పోతున్నారు. కలోమార్దె దగ్గర లోయ ఎంత ఇరుకంటే, రోడ్డుకూ ఏటికీ కలిపి ఒకటే సందు. ఎత్తు 1,500 మీటర్లు దాటాక పైన్ అడవి. అక్కడ చెట్ల వెనక నుంచి గొంతు బొంగురుపోయిన ఆంబోతు రంకెలాంటి అరుపు. తమ్ముడు బ్రేకులు కొట్టాడు.

"అన్నా, ఏందది? పులా?"

"ఏడ్సినవ్. మగజింక. గిప్పుడు వాటి పెండ్లిళ్ల సీజను."

సెప్టెంబరులో ఈ అడవుల్లో మగజింకలు ఆడవాటి కోసం అలా అరుస్తాయి. అది వినడానికే జనం కార్లేసుకుని వస్తారు. మేం కదలకుండా నిలబడ్డాం. మళ్లీ ఒకటి అరిచింది, దానికి జవాబుగా లోయ అవతల ఇంకొకటి. కనపడింది మాత్రం ఒక్కటీ లేదు.

ఆ దారిలోనే తాహో నది పుట్టిన చోటు. ఐబీరియా మొత్తానికీ పొడవైన నది, వెయ్యి కిలోమీటర్లు పారి లిస్బన్ దగ్గర అట్లాంటిక్‌లో కలుస్తుంది. పుట్టిన చోట ఒక లోహ విగ్రహమూ, తడిసిన గడ్డీ ఉన్నాయి. ఈ గుట్టకు అవతల పుట్టిన గువాదలవియార్ తెరుయెల్ దాటాక తూరియా అని పేరు మార్చుకుని మా వాలెన్సియాకు, మధ్యధరా సముద్రానికి వస్తుంది. ఒక గుట్ట మీద పడ్డ వాన రెండు సముద్రాలకు పంచుకుపోతుంది.

తిరుగు దారిలో ఒక ఊళ్లో ఆగాం. పేరు రాయను, చిన్న ఊరు. అక్కడ బారే కిరాణా కొట్టు, రొట్టెల కొట్టు కూడా. కౌంటరు మీద కాఫీ మెషీను, దాని పక్కన ఉల్లిగడ్డల బుట్ట, బట్టల సబ్బులు. తెరుయెల్ పల్లెల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి, విడివిడిగా పెడితే ఏదీ గిట్టుబాటు కాదు కాబట్టి అన్నీ ఒక కప్పు కిందికి తెచ్చారు. నడిపే ఆమె మాకు ఎండబెట్టిన పంది తొడ మాంసం పల్చగా కోసి, టమాటా రుద్దిన రొట్టెలో పెట్టి ఇచ్చింది. స్పెయిన్‌లో ఈ మాంసానికి మొట్టమొదట ప్రాంతీయ గుర్తింపు వచ్చింది తెరుయెల్‌కే, 1984లో. ఈ చల్లటి పొడి గాలి లేకపోతే అది అలా ఎండదట. తమ్ముడు జేబులోంచి పులిహోర పొట్లం తీసి ఆమెకు కొంచెం పెట్టాడు. పచ్చిమిరపకాయ కొరికి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, మాకు కాఫీ డబ్బులు వద్దంది. బళ్లో ఎంతమంది పిల్లలని అడిగితే, "బడా? అది ఎప్పుడో మూశారు" అని గిన్నెలు కడగడంలో పడింది.

సెయ్యా మీదుగా ఉన్న చదును రోడ్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్కటి తప్ప. కౌదె దాటుతుంటే గోధుమ మళ్ల మధ్యలో వరసగా విమానాల తోకలు లేస్తాయి. తెరుయెల్ విమానాశ్రయంలో ప్రయాణికులు ఎక్కరు, దిగరు. ఎగరని విమానాల్ని తెచ్చి ఇక్కడ నిలిపి ఉంచుతారు, కొన్నింటిని ఇక్కడే విప్పేస్తారు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పు తక్కువ. కోవిడ్ కాలంలో ఇక్కడ చోటు దొరకడమే కష్టమైందట. ఎదురుగాలిలో తల వంచుకుని తొక్కుతూ జంబో జెట్లను దాటేయడం నాకు తెగ నచ్చింది.

ఇక ఈ ప్రావిన్సులో ఒకటే దారి తొక్కే వీలుంటే, నేను చెప్పేది ఏ-1702 రోడ్డు. గర్గాయో దగ్గర మొదలై కాంతావియేహా దాకా 63 కిలోమీటర్లు. దీనికి 'నిశ్శబ్ద మార్గం' అని పేరుపెట్టి బోర్డులు కూడా పాతారు. పేరు పెట్టడంతో ఆదివారాలు మోటారు సైకిళ్లవాళ్లు వరసకట్టి వస్తున్నారు, నిశ్శబ్దం కావాలంటే మంగళవారమో బుధవారమో వెళ్లండి.

ఎహుల్వె దాటాక మాహలీనోస్ కనుమ ఎక్కాలి. 2009లో ఇక్కడ పెద్ద కార్చిచ్చు రేగింది, ఇన్నేళ్లయినా కొండవాలు కొన్ని చోట్ల బోడిగానే ఉంది. ఎక్కుడు నిదానంగానే ఉంటుంది, ఊపిరి అందుతుంది, మాట్లాడుకుంటూ తొక్కొచ్చు. పైకొచ్చాక దిగుడు మొదలై, ఒక మలుపు తిరగ్గానే మొంతోరో రాతిగోడలు. నిలువుగా లేచిన సున్నపురాయి పొరలు, చర్చీల్లో ఉండే ఆర్గన్ గొట్టాల్లా పక్కపక్కన పేర్చినట్టుంటాయి, అందుకే వాటికి ఓర్గనోస్ అని పేరు. మేం రోడ్డంచు రాయి మీద కూర్చుని చూస్తుంటే, రాబందులు మాకు కింద, లోయలో తిరుగుతున్నాయి. వాటి వీపులు కనిపిస్తున్నాయి. రెక్క చివర ఈకలు చేతివేళ్లలా విడివిడిగా, గాలికి తగ్గట్టు ఒక్కోటి ఒక్కోలా వంగుతున్నాయి. ఒకటి పైకి లేచి మా తలల మీదుగా పోతే, ఈకల మధ్య గాలి కోసుకుపోయే చప్పుడు స్పష్టంగా వినిపించింది. మా తమ్ముడు పుట్టాక మా దిక్కు రాబందును చూసినోడే కాదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వాటిని తుడిచిపెట్టేసింది, 2006లో నిషేధించేసరికే ఆలస్యమైంది. "ఇంత పెద్దగుంటయా అన్నా!" అని వాడు పావుగంట సేపు లేవలేదు.

వియార్‌లుయెంగో ఊరు కొండకొమ్ము అంచున ఉంటుంది. దాని దాకా మలుపుల మీద మలుపులు, కాళ్లు అక్కడే అయిపోతాయి. తర్వాత మళ్లీ ఎత్తు, చెట్టు లేని పచ్చికబయళ్లు, రాళ్లు పేర్చిన గోడలు, పైకప్పు కూలిన పొలం ఇళ్లు. ఫోన్‌కు సిగ్నల్ రాదు. రెండు ట్యూబులు, పంపు, చైను లింకు దగ్గర లేకుండా ఈ రోడ్డెక్కకండి. కాంతావియేహాలో చుట్టూ కమానుల వసారాలున్న ఊరి నడిబొడ్డు చూసే ఓపిక లేక, ముందు నిమ్మరసం కలిపిన చల్లటి బీరు అడిగాం.

ప్రావిన్సు తూర్పు కొసకు దిగితే వేరే దేశం. 1,600 మీటర్ల నుంచి 400కు పడిపోతాం. ఆలివ్ తోటలు, బాదం చెట్లు, వేడి. కలాండా దగ్గర పీచ్ తోటల్లో ప్రతి కాయకూ ఒక కాగితం సంచి తొడిగి ఉంది. చెట్టు మీద ఉండగానే, జూన్, జూలైల్లో ఒక్కొక్కటీ చేత్తో కడతారు. పురుగు ముట్టదు, మందు మరక అంటదు. కోసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. రోడ్డు పక్కన ఒక రైతు సంచి విప్పి ఇచ్చిన కాయ మచ్చలేని పసుపు, చేతి నిండా పట్టేంత సైజు. చొక్కా తడవకుండా తినడం అసాధ్యం. వాల్దెర్రోబ్రెస్ వైపు మతర్రాన్యా ప్రాంతాన్ని అందరూ పొగుడుతారు. వంతెన, కోట, అన్నీ అందమే, కానీ హోటళ్లు పెరిగి నాకు కాస్త ముస్తాబు ఎక్కువైనట్టు అనిపించింది.

చివరకు మిగిల్చుకున్నది హవలాంబ్రె కొండ. అర్కోస్ దె లాస్ సలీనాస్ నుంచి 1,950 మీటర్ల ఎత్తున ఉన్న ఖగోళ పరిశోధనశాలకు 11 కిలోమీటర్ల ఘాటు. స్పెయిన్ వుయెల్తా రేసు మొదటిసారి ఇక్కడికి వచ్చింది 2019లో, ఆన్హెల్ మద్రాసో గెలిచాడు. 2023లో సెప్ కస్ ఇక్కడ గెలిచి, ఆ ఏడు మొత్తం రేసునే పట్టుకుపోయాడు. సగటున దాదాపు ఎనిమిది శాతం అంటారు గానీ ఆ లెక్క మోసం. మొదటి సగం మెత్తగా పోయి, రెండో సగం పది శాతం దగ్గర్లో ఉంటుంది. వెనక 34 పళ్ల గేరు ఉండి కూడా పెడల్ ఒక్కో చుట్టు తిరగడానికి బతిమాలాల్సి వచ్చింది. తారు మీద ప్రేక్షకులు తెల్లరంగుతో రాసిన పేర్లు వెలిసిపోయి ఉన్నాయి. అంత నెమ్మదిగా పోతున్నాను కాబట్టి ప్రతి అక్షరమూ చదువుకున్నాను. పైన చెట్లు ఉండవు, నేలకు అతుక్కుని గుండ్రటి చాపల్లా పరుచుకున్న సబీనా పొదలు, మధ్యలో తెల్లటి గోపురాలు.

"రేసోళ్లు దీన్ని అర గంటల ఎక్కిన్రా అన్నా?"

"మాట్లాడకురా, ఊపిరి ఆగుతది."

గాలి ఎంత ఉందంటే సైకిల్ని పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. కింద ఎండ కాస్తోంది కదా అని జాకెట్ వ్యాన్లో వదిలిపెట్టకండి. ఎక్కేటప్పుడు పట్టిన చెమట దిగేటప్పుడు వణుకు పుట్టిస్తుంది. దిగేది కూడా మలుపు మలుపుకూ వేగం చంపుకుంటూ దిగాలి, పక్కన అడ్డుకట్ట అన్ని చోట్లా ఉండదు. బ్రేకు ప్యాడ్లు మాత్రం కొత్తవి వేయించుకుని వెళ్లండి.