కవచం మీద రాసిన కవచం

చాలా కవచ స్తోత్రాల ఫలశ్రుతిలో ఈ మాటలు వస్తాయి: "భూర్జే విలిఖ్య గుటికాం స్వర్ణస్థాం ధారయేద్యది". కవచాన్ని భూర్జపత్రం మీద రాసి, చుట్టి, బంగారు తాయెత్తులో పెట్టి ధరిస్తే అని అర్థం. మెడలోనో కుడిచేతికో కట్టుకోమని తర్వాతి పాదం చెబుతుంది. ఏళ్ల తరబడి నా ధ్యాసంతా ఫలం మీదే ఉండి, ఈ పాదాన్ని గబగబా దాటేసేదాన్ని. భూర్జం సంగతి తెలిశాక మాత్రం ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను.

పేరుకు పత్రమే గానీ అది చెట్టు బెరడు. తాళపత్రానికి అలవాటు పడ్డ మనం ఆకు అనుకుంటాం. హిమాలయాల్లో సుమారు 3,000 మీటర్లు దాటాక, ఇక ఆ పైన చెట్టన్నదే కనిపించని అంచుల దాకా భూర్జవృక్షాలు ఉంటాయి. మంచు బరువుకు కొమ్మలు నేలకు వంగిపోతాయి, మంచు కరిగాక మళ్లీ లేస్తాయి. తెలుపులో లేత గులాబీ కలిసిన ఆ బెరడు కాగితాల్లా పొరలు పొరలుగా ఊడి వస్తుంది. తడికి తొందరగా పాడవదు. 1881లో బక్షాలీ అనే ఊళ్లో భూమిలో దొరికిన పాతకాలపు గణిత ప్రతి దీని మీద రాసిందే. కశ్మీరంలో అథర్వవేదపు పాఠాల్లో ఒకటైన పైప్పలాద శాఖను అక్కడి పాత లిపి శారదలో దీని మీదే రాసి కాపాడుకున్నారు.

ఆ చలిలో, ఆ గాలిలో చెట్టు ఒంటిని కాచేది ఈ బెరడే. అంటే మనం మన కవచాన్ని రాసుకుంటున్నది చెట్టు తొడుక్కున్న కవచం మీద! ఇది తట్టిన రోజు చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

పైపొర తనంతట తాను ఊడుతుంది, అది చెట్టు ఇచ్చింది. లోపలి పొర దాకా చుట్టూ ఒలిచేస్తే చెట్టు బతకదు. గంగోత్రి నుంచి, గంగ పుట్టే గోముఖానికి వెళ్లే దారిలో భోజ్‌బాసా అనే చోటు ఉంది. భోజవృక్షాలు, అంటే మన భూర్జవృక్షాలే, ఉండబట్టే ఆ పేరు. యాత్రలకు వెళ్లినవాళ్ల పొయ్యిల కోసం కొట్టీ కొట్టీ అక్కడి వనం దాదాపు మాయమైంది. పర్వతారోహకురాలు హర్షవంతి బిష్త్ 1990లలో అక్కడ మళ్లీ భూర్జ మొక్కలు నాటించి పెంచారు. నా మటుకు అది గంగమ్మకు చేసిన అర్చనే.

ఇప్పుడు కవచాన్ని మామూలు కాగితం మీదే రాసుకుంటున్నాను. "భూర్జే" అన్న చోట కలం కాసేపు ఆగుతుంది. ఆ చెట్టుకు ఒక నమస్కారం పెట్టి "విలిఖ్య" రాస్తాను.