ట్యాంక్ గేమ్ 35 స్టేజీలూ ఎలా దాటామంటే

బ్యాటిల్ సిటీ 35 స్టేజీలూ ఒకే ఊపులో దాటాలని ఎప్పట్నుంచో కోరిక, మొన్న సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు తమ్ముడూ నేనూ కలిసి దాటేశాం. తెలీని వాళ్ళకి, చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ క్యాసెట్లో ట్యాంకులు, ఇటుకలు, కింద ఈగిల్ ఉండేది చూడండి, అదే. 1985లో నామ్కో అనే జపాన్ కంపెనీ వాళ్ళు నింటెండో వాళ్ళ ఫ్యామికామ్ అనే గేమ్ మెషిన్ కోసం చేశారు, అంతకు ముందు 1980లో వాళ్ళదే ట్యాంక్ బెటాలియన్ అని ఆర్కేడ్ గేమ్ ఉంది, దాని నుంచి వచ్చిందే ఇది.

రూల్ మీకు తెలిసిందే, స్టేజీకి 20 ట్యాంకులు, అన్నీ పేల్చాలి, ఈగిల్ పోతే ఎన్ని లైఫులున్నా గేమ్ ఓవర్. మన బుల్లెట్ తగిలినా ఈగిల్ పోతుంది, అందుకే కింద వరసలో నిలబడి పక్కకి కాల్చేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి.

నాకు ఈ గేమ్‌లో అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఒకటే, దగ్గరికెళ్ళి కొట్టడం. స్టార్ ఐకాన్లు (మన ట్యాంక్ బలం పెంచేవి) తీసుకోనప్పుడు మన ట్యాంక్ ఒక బుల్లెట్ ఎక్కడో తగిలేదాకా ఇంకోటి వదలదు. దూరం నుంచి కాలిస్తే అది స్క్రీన్ అంతా దాటి వెళ్ళేవరకు చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి, అదే గోడకో ట్యాంకుకో ఆనుకుని నొక్కితే టకటకా పడతాయి. నాలుగు దెబ్బలు తినే లావు ట్యాంక్ ఉంటుంది కదా, దాన్ని దూరం నుంచి కొడితే మధ్యలో అదీ కాలుస్తుంది, బుల్లెట్టూ బుల్లెట్టూ గుద్దుకుని రెండూ మాయమైపోతాయి, అలా ఎంతసేపైనా తెగదు, పక్క నుంచి దగ్గరగా వెళ్తే అది తిరిగేలోపే పని అయిపోతుంది.

ఇద్దరు ఆడితే స్క్రీన్ మీద ఒకేసారి ఆరు శత్రు ట్యాంకులు తిరుగుతాయి, ఒక్కడైతే నాలుగే. మొదట్లో ఇద్దరం పైకే పరిగెత్తేవాళ్ళం, తర్వాత తమ్ముడే అన్నాడు, "అన్నా నువ్వు పైకి పో, కింద నేను చూసుకుంటా" అని. శత్రువులు వచ్చేది పైన మూడు చోట్ల నుంచే, ఎడమ మూల, మధ్య, కుడి మూల. అక్కడ మెరుపులా మిణుకుమిణుకుమంటుంది, అది ఆగగానే ట్యాంక్ బయటికొస్తుంది, నేను ఆ వరసలో కొంచెం పక్కన కాచుకుని ఉండి వచ్చింది వచ్చినట్టే కొట్టేవాణ్ణి. వాడు ఈగిల్ దగ్గర నుంచి కదిలేవాడు కాదు, అంత ఓపిక నాకు లేదు, వాడికే ఆ క్రెడిట్. వాడికి నా బుల్లెట్ తగిలితే చావడు గానీ కాసేపు కదల్లేడు, అందుకని ఇద్దరం ఒకే నిలువు వరసలోకి రాకుండా చూసుకున్నాం.

స్టార్ల విషయం. ఒకటి తీసుకుంటే బుల్లెట్ స్పీడ్ పెరుగుతుంది, రెండోదానికి ఒకేసారి రెండు బుల్లెట్లు, మూడోదానికి తెల్ల ఇనుప గోడ కూడా పగులుతుంది. చచ్చిపోతే అన్నీ పోతాయి, మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి మూడు స్టార్లు ఉన్నవాడు రిస్క్ తీసుకోకూడదని రూల్ పెట్టుకున్నాం, ఇరుకు స్టేజీల్లో రెండోవాడే ముందు దూరాలి.

పార ఐకాన్ వస్తే మాత్రం నేను వెంటనే తీయనిచ్చేవాణ్ణి కాదు. అది తీస్తే ఈగిల్ చుట్టూ పగిలిన ఇటుకలు కూడా కొత్తగా వచ్చి కాసేపు ఇనుపగోడ అవుతుంది, గోడ బాగా ఉన్నప్పుడే తీసేస్తే సగం లాభం పోయినట్టే. అలాగని మరీ ఆగకూడదు, మెరిసే ట్యాంక్ (దాన్ని కొడితేనే ఐకాన్ వచ్చేది) ఇంకోటి వచ్చిందంటే స్క్రీన్ మీదున్న ఐకాన్ మాయం.

35 అయ్యాక ఎండింగ్ ఏమీ రాదు, మళ్ళీ మొదటి మ్యాపే వస్తుంది, ట్యాంకులు మాత్రం మొదట్లో వచ్చినట్టు తేలికవి రావు. తమ్ముడు కంట్రోలర్ కింద పెట్టలేదు, నేనూ పెట్టలేదు, అమ్మ అన్నానికి పిలుస్తూనే ఉంది.